నాన్నను మింగిన సారా నా దాపుడు డబ్బులో ఉంటే?

ప్రశ్న: అక్కా, మాది కర్నూలు. నాకు 51 ఏళ్ళు. ఒక ప్రైవేటు స్కూల్లో 18 ఏళ్ళుగా టీచరుగా పనిచేస్తున్నాను. మా ఆయన మోటారు వైండింగ్ షాపు నడుపుతారు, ఆయనకు పింఛను లాంటిదేమీ లేదు. నా పీఎఫ్‌లో 9 లక్షల దాకా ఉంది. ఎల్ఐసీ పాలసీ ఒకటి ఇంకో నాలుగేళ్ళకు చేతికొస్తుంది. రెండేళ్ళ కింద ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) తెరిచి ఆటో చాయిస్‌లో, అంటే వయసును బట్టి డబ్బును వాళ్ళే పంచే పద్ధతిలో పెట్టాను. ఇవి కాక మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే సిప్ కింద 8,000 కడుతున్నాను. అందులో 5,000 నిఫ్టీ ఇండెక్స్ ఫండుకు (నిఫ్టీ సూచీలోని 50 పెద్ద కంపెనీల షేర్లు కొనేది) ఏడేళ్ళుగా, 3,000 ఇంకో ఫండుకు నాలుగేళ్ళుగా పోతోంది. రెండింటి విలువ ఇప్పుడు 9 లక్షల పైన ఉంది. లాభం మూడున్నర లక్షలని ఏజెంటు చెప్పాడు.

మా పుట్టిల్లు ఆదోని దగ్గర పల్లె. మా నాన్న సారా తాగి తాగి 1991లో చనిపోయాడు. ఆ తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళు సారా వేలంపాట మీద తిరగబడ్డప్పుడు మా అమ్మ కూడా సారా అంగడి ముందు కూర్చుంది. పోయిన నెల మా పాప ఫోన్‌లో నా ఫండ్ల జాబితా తీసి చూపించింది. ఒకదాంట్లో సిగరెట్ల కంపెనీ, ఇంకోదాంట్లో మందు కంపెనీ ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 'షేరు కొన్నంత మాత్రాన మనం తాగించినట్టా?' అంటారు మా ఆయన. 'అట్లా ఏరుకుంటూ పోతే ఏదీ మిగలదు మేడమ్' అంటాడు ఏజెంటు. మొత్తం అమ్మేయాలా? మా కాలనీలో ఒకాయన ఆవులు, సేంద్రియ పంట అంటూ నెలకు నూటికి రెండు రూపాయలు ఇస్తానంటున్నాడు. పాపం అంటని డబ్బు అంటున్నాడు. అందులో పెట్టనా? అమ్మకు 76 ఏళ్ళు. ఆమెకు ఈ సంగతి చెప్పాలా?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ కాలనీ ఆయన సంగతి తేల్చేద్దాం. ఆయన రేపో మాపో మళ్ళీ మీ గుమ్మం తొక్కుతాడు. ఆయనకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. నెలకు నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. ఆవుల మీద, సేంద్రియ వేరుశనగ మీద ఏటా, వాన పడినా పడకపోయినా, 24 శాతం పంచగలిగిన రైతును మన సీమలో నేను ఇంతవరకు చూడలేదు. అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవడం 2019లో వచ్చిన చట్టం ప్రకారం నేరం. రిజర్వు బ్యాంకు దగ్గరో, షేర్ మార్కెట్టును నియంత్రించే సెబీ దగ్గరో నమోదు ఉందా అని అడగండి, కాగితం చూపించమనండి. అగ్రిగోల్డ్ డిపాజిట్‌దారుల గోడు మీరూ వినే ఉంటారు. మీలాగా మనసు కలత పడినవాళ్ళ దగ్గరికే 'పాపం అంటని డబ్బు' అనే మాట ముందుగా వస్తుంది. ఒకరికి 'వడ్డీ లేని హలాల్ లాభం' అని చెప్తారు, ఇంకొకరికి 'గోసేవ' అని చెప్తారు. మంచిగా బతకాలన్న మీ కోరికను వాడుకుని మీ ముసలితనాన్ని దోచుకోవడం కంటే పెద్ద పాపం ఏముంటుంది? ఈ మాట ఇంత గట్టిగా చెప్తున్నందుకు ఏమీ అనుకోకండి. ముప్పై ఏళ్ళు బ్యాంకు కౌంటర్లో కూర్చుని, ఇలా పోగొట్టుకున్నవాళ్ళ ముఖాలు చాలా చూశాను.

ఇక అసలు విషయం. మీకు ఆ రాత్రి నిద్ర పట్టకపోవడం చాదస్తం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఆ కదలిక మన జిల్లాలకూ పాకింది. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. అదే ఆడవాళ్ళు ఆ ఊపులోనే నెల్లూరు జిల్లాలో రోజుకు రూపాయి చొప్పున దాచుకుని పొదుపు సంఘాలు కట్టారు. సారా మానిపించడం, డబ్బు దాచుకోవడం వాళ్ళకు ఒకే పోరాటంలో రెండు పనులు. మీరు నెలనెలా దాచుకోవడం కూడా ఆ దారిలోదే. అందుకే ఆ జాబితాలో మందు కంపెనీ పేరు కనపడగానే మీకు అంత కష్టంగా అనిపించింది.

అయితే మీ ఆయన మాటలోనూ నిజం ఉంది, దాన్ని తోసిపారేయకూడదు. మీ ఫండు ఆ కంపెనీ షేర్లను బజారులో కొంటుంది. అంటే వాటిని అంతకుముందే కొనుక్కున్న ఇంకెవరో అమ్మితే కొంటుంది. మీ ఐదు వేలు ఆ అమ్మినాయనకు చేరతాయి, కంపెనీ పెట్టెలోకి పోవు. మీరు రేపు అమ్మేస్తే ఇంకొకరు కొంటారు, కంపెనీలో ఒక్క సీసా కూడా తగ్గదు. ఇది ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక కూడా ఒక సంగతి మిగిలే ఉంటుంది. షేరు అంటే వాటా. ఆ కంపెనీ ఎక్కువ అమ్మిన ఏడాది మీ డబ్బు పెరుగుతుంది, తక్కువ అమ్మిన ఏడాది తగ్గుతుంది. జనం ఎక్కువ తాగితే తన ముసలితనం సుఖంగా గడుస్తుందనే ఏర్పాటులో ఉండలేనని ఒక మనిషి అంటే అది న్యాయమైన మాట. దానికి ఇంకే లెక్కా చూపించనక్కర్లేదు.

అప్పుగా ఇచ్చే డబ్బు సంగతి మాత్రం వేరు. బాండు కొంటే మీ డబ్బు నేరుగా ఆ సంస్థ చేతికే పోతుంది. మన రాష్ట్రంలో మద్యం టోకు వ్యాపారం నడిపే ఏపీ స్టేట్ బెవరేజెస్ కార్పొరేషన్ 2022లో బాండ్లు అమ్మి 8 వేల కోట్లకు పైగా తెచ్చింది. వాటికి రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీ ఉంది, వడ్డీ కూడా ఎక్కువే. ఇలాంటివి 'ప్రభుత్వ గ్యారంటీ బాండు, బ్యాంకు కంటే ఎక్కువ వడ్డీ' అన్న మాటతోనే మన దగ్గరికి వస్తాయి. వడ్డీ ఎంతో చెప్తారు గాని, ఆ వడ్డీ ఏ అమ్మకాల మీద వస్తుందో చెప్పరు. మీ గీత, అంటే ఇది దాటి నా డబ్బు పోకూడదనే హద్దు, సారా దగ్గర ఉంది కాబట్టి, ఎవరైనా బాండు గురించి చెప్తే ముందు అడగాల్సిన ప్రశ్న: 'ఈ డబ్బు ఎవరికి, ఏం చేయడానికి?' షేర్ల జాబితా చూసి బాధపడే చాలామంది ఈ ప్రశ్న మరిచిపోతారు. నా లెక్కలో మాత్రం ఇదే ముందు రావాలి.

గీత అన్నాను కదా, దాన్ని మీరు గీసుకోవాలి. ఒకటి, మహా అయితే రెండు. అంతకంటే ఎక్కువైతే ఏజెంటు అన్నట్టే ఏదీ మిగలదు. మందు, సిగరెట్లు, జూదం, ఆయుధాలు, బొగ్గు, గనులు, వడ్డీ వ్యాపారం, తోలు, పురుగుమందులు, కూల్‌డ్రింకులు... ఈ జాబితాకు అంతు ఉండదు. కడప జిల్లాలో తుమ్మలపల్లె యురేనియం గని పక్క ఊళ్ళవాళ్ళను అడిగితే వాళ్ళ గీత ఇంకో చోట ఉంటుంది. రాయదుర్గం వైపు ఇనుప గనుల దుమ్ము చూసినవాళ్ళు ఇంకో మాట చెప్తారు. ఎవరి గాయం వాళ్ళది. మీ గాయం నాన్నది, కాబట్టి మందు మీ గీత. సిగరెట్లు కూడా అందులోకి వస్తాయో రావో మీరే తేల్చుకోండి. దాన్ని బట్టి మీరు చేయాల్సిన పని పెద్దదో చిన్నదో అవుతుంది. నిఫ్టీ 50లో సిగరెట్లు చేసే ఐటీసీ ఉంది గాని మందు కంపెనీ లేదు. యునైటెడ్ స్పిరిట్స్ లాంటివి తర్వాతి వరుసలో, నిఫ్టీ నెక్స్ట్ 50లో కనిపిస్తాయి. అంటే మీ 5,000 పోయే ఇండెక్స్ ఫండులో మీ పాప చూసింది సిగరెట్ల కంపెనీ అయి ఉంటుంది. మందు కంపెనీ ఉన్నది 3,000 పోయే ఫండులో.

జాబితా చదివేటప్పుడు ఒక జాగ్రత్త. ప్రతి ఫండూ తన దగ్గర ఏ షేర్లు ఎన్ని ఉన్నాయో నెలనెలా తన వెబ్‌సైట్‌లో పెట్టాలి, అది నియమం. కంపెనీ పేరు పక్కన ఏ రంగమో కూడా రాస్తారు. ఐటీసీ పక్కన 'పొగాకు' అని ఉండదు, 'డైవర్సిఫైడ్ ఎఫ్ఎంసీజీ' (రకరకాల రోజువారీ సరుకులు) అని ఉంటుంది. బిస్కెట్లు, పిండి, సబ్బులు కూడా అమ్ముతుంది కాబట్టి అలా వేస్తారు. మందు కంపెనీలు 'బెవరేజెస్' అనే మాట కింద దాక్కుంటాయి, కూల్‌డ్రింకుల కంపెనీ కూడా అదే వరుసలో ఉంటుంది. రంగం పేరు చూసి ఊరుకోకుండా కంపెనీ పేర్లు చదవండి. పాపను పక్కన కూర్చోబెట్టుకుంటే గంట పని.

ఇప్పుడు మీ డబ్బులు ఒక్కొక్కటీ చూద్దాం. అన్నిటికీ ఒకే వైద్యం పనికిరాదు.

పీఎఫ్‌ను ముట్టుకోకండి. అందులో ఎక్కువ భాగం ప్రభుత్వ బాండ్లలో, ఇతర అప్పు పత్రాల్లో ఉంటుంది. 2015 ఆగస్టు నుంచి కొత్తగా వచ్చే డబ్బులో కొంత, ఇప్పుడు 15 శాతం దాకా, నిఫ్టీ, సెన్సెక్స్ సూచీల వెంట నడిచే ఈటీఎఫ్‌లు అనే ఫండ్లలో పెడుతున్నారు. వాటిలో సిగరెట్ల కంపెనీ ఉంది. లెక్క వేస్తే మీ 9 లక్షల్లో ఆ కంపెనీ వంతు మూడు నాలుగు వేలకు మించదు. దాన్ని ఏరి పారేసే మీట మీ చేతిలో లేదు. ఆ మూడు నాలుగు వేల కోసం 8 శాతం పైన వడ్డీ వచ్చే, మీ యాజమాన్యం కూడా తన వంతు కట్టే ఖాతాను ఖాళీ చేసుకోవడం తెలివైన పని కాదు. మీ ఆయనకు పింఛను లేదు, మీకు పీఎఫ్ పింఛను కింద వచ్చేది నెలకు కొన్ని వేలే. ఇంటికి పెద్ద ఆధారం ఆ 9 లక్షలే. చేయగలిగింది ఒకటుంది. పీఎఫ్ ట్రస్టీల బోర్డులో కార్మిక సంఘాల ప్రతినిధులు కూర్చుంటారు. మీ టీచర్ల సంఘం ఉంటే, లేకపోతే మీ స్కూల్లోని పదిమంది కలిసి, 'మాకు పొగాకు లేని దారి ఒకటి కావాలి' అని వాళ్ళకు ఉత్తరం రాయండి. ఇది ఊరికే అనే మాట కాదు. ఎల్ఐసీ, ప్రభుత్వ బీమా సంస్థలు పొగాకు కంపెనీల్లో ఎందుకు డబ్బు పెట్టాలని అడుగుతూ 2017లో బాంబే హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యమే పడింది.

ఎల్ఐసీ పాలసీదీ ఇదే కథ. ఐటీసీలో అతిపెద్ద వాటాదారుల్లో ఎల్ఐసీ ఒకటి. అయినా నాలుగేళ్ళు మిగిలి ఉండగా పాలసీ సరెండర్ చేస్తే మీరు కట్టినదాంట్లో, రావాల్సిన బోనస్‌లో చాలా వదులుకోవాలి. చేతికొచ్చేదాకా ఉంచండి. కొత్త పాలసీ మాత్రం పొదుపు పేరుతో తీసుకోకండి. ప్రాణానికి బీమా కావాలంటే టర్మ్ పాలసీ చాలు, అది వేరే సంగతి.

ఎన్‌పీఎస్‌లో మీకు కొంత స్వేచ్ఛ ఉంది. మీరు తీసుకున్నది మామూలు మోడరేట్ ఆటో చాయిస్ అయితే, 35 ఏళ్ళ నుంచి షేర్ల వంతు ఏటా రెండేసి శాతం తగ్గుతూ వచ్చి 51 ఏళ్ళకు 18 శాతం దగ్గరే ఉంటుంది. మిగతాది కంపెనీ బాండ్లు, ప్రభుత్వ బాండ్లు. మందు, పొగాకు లేని ప్రత్యేక పథకం ఎంచుకునే వీలు ఆటో చాయిస్‌లో లేదు. కావాలంటే వంతులు మీరే ఎంచుకునే యాక్టివ్ చాయిస్‌కు మారి షేర్ల వంతు బాగా తగ్గించుకుని, ప్రభుత్వ బాండ్ల వంతు పెంచుకోవచ్చు. ఇలా మారినందుకు పన్ను ఉండదు. నేనైతే ఆ 18 శాతాన్ని పట్టించుకోను. మీకు నిద్ర పట్టడం లేదంటే మార్చుకోండి, నష్టమేమీ పెద్దది కాదు.

మీ చేతిలో పూర్తిగా ఉన్నవి ఆ రెండు సిప్‌లే. కాబట్టి మీ గీత పనిచేయాల్సింది అక్కడే.

ముందుగా మందు కంపెనీ ఉన్న ఫండుకు కట్టే 3,000 ఈ నెలే ఆపేయండి. సిప్ ఆపినందుకు పన్నూ జరిమానా ఏదీ లేదు. సిగరెట్లు కూడా మీ గీతలోకి వస్తే 5,000 కూడా ఆపండి. ఉన్న యూనిట్లను మాత్రం ఒక్కరోజులో అమ్మకండి. ఏడాది దాటిన యూనిట్ల మీద లాభం ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల దాకా పన్ను లేదు. ఆపైన 12.5 శాతం. మీ మూడున్నర లక్షల లాభాన్ని ఒకేసారి తీసుకుంటే 2.25 లక్షల మీద పన్ను పడుతుంది, అంటే సుమారు 28 వేలు. అదే మార్చిలో కొంత, వెంటనే ఏప్రిల్‌లో కొంత, ఆపై ఏడాది ఏప్రిల్‌లో మిగిలింది అమ్మితే మూడు ఆర్థిక సంవత్సరాలు కలిసొచ్చి, పదమూడు నెలల్లో దాదాపు పన్ను లేకుండానే బయటపడతారు. ముందు మందు కంపెనీ ఉన్న ఫండు అమ్మండి, తర్వాత, సిగరెట్లు కూడా మీ గీతలో ఉంటే, ఇండెక్స్ ఫండు. రెండు సంగతులు గుర్తుంచుకోండి. మొదట కొన్న యూనిట్లే మొదట అమ్మినట్టు లెక్క, వాటి మీదే లాభం ఎక్కువ ఉంటుంది. ఏడాది నిండని యూనిట్ల మీద 20 శాతం పన్ను, కొన్ని ఫండ్లలో అదనంగా ఎగ్జిట్ లోడ్, అంటే తొందరగా బయటికొస్తే కోసే రుసుము కూడా ఉంటుంది, కాబట్టి వాటిని ఏడాది నిండనివ్వండి. మీ ఏజెంటును యూనిట్ల వారీ లాభాల స్టేట్‌మెంట్ ఇవ్వమనండి, అది ఇవ్వడం ఆయన పని.

అమ్మిన డబ్బు, ఇకముందు కట్టే 8,000 ఎక్కడ పెట్టాలి? ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను రిటైరైనప్పుడు గ్రాట్యుటీ డబ్బులో కొంత 'ఈఎస్‌జీ' అన్న పేరున్న ఫండులో పెట్టాను. పేరు చూసి నమ్మాను, జాబితా చదవలేదు. ఏడాదిన్నర తర్వాత తీరిగ్గా చూస్తే అందులో సిగరెట్ల కంపెనీ ఉంది. ఫోన్ చేసి అడిగితే, ఆ కంపెనీ నీళ్ళు పొదుపు చేస్తుంది, చెట్లు పెంచుతుంది, అందుకే మంచి మార్కులు వచ్చాయన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. 'ఈఎస్‌జీ' అంటే పర్యావరణం, సమాజం, పాలన అనే మూడు విషయాల్లో మార్కులు వేయడం. ఏ సరుకు అమ్ముతున్నారన్నది ఆ మార్కుల్లో ఒక చిన్న ముక్క మాత్రమే కావచ్చు. నాకు కావలసింది ఒకటి, నేను కొన్నది ఇంకొకటి.

2023 జులైలో సెబీ ఈ గజిబిజిని కొంత సర్దింది. ఈఎస్‌జీ ఫండ్లు తాము ఏ పద్ధతిలో నడుస్తున్నాయో పేరులోనే చెప్పాలంది. 'ఎక్స్‌క్లూజన్' పద్ధతి అంటే ఫలానా వ్యాపారాలు మాకు వద్దని ముందే రాసుకుని పక్కన పెట్టేది. 'బెస్ట్ ఇన్ క్లాస్' అంటే ఉన్నవాళ్ళలో మెరుగైనవాళ్ళను ఏరుకునేది, అందులో మందు కంపెనీ కూడా దూరొచ్చు. 'ఇంటిగ్రేషన్' అంటే ఈ మార్కులను కూడా లెక్కలోకి తీసుకుంటామనడమే. మీకు కావలసింది మొదటిది. స్కీము కాగితంలో పక్కన పెట్టే వ్యాపారాల జాబితా ఉంటుంది, అందులో ఆల్కహాల్, పొగాకు అనే మాటలు కళ్ళారా చూసి గాని సంతకం పెట్టకండి. ఇండెక్స్ పద్ధతే కావాలంటే నిఫ్టీ 100 ఈఎస్‌జీ సూచీ పొగాకు, మద్యం, జూదం కంపెనీలను బయట పెడుతుంది, దాని వెంట నడిచే ఫండ్లు చూడొచ్చు.

ఇంకో దారి కూడా ఉంది. మన కర్నూలులో, కడపలో చాలా ముస్లిం కుటుంబాలకు అది తెలుసు. షరియా సూచీల వెంట నడిచే ఫండ్లు మద్యం, పొగాకు, జూదం, పంది మాంసంతో పాటు వడ్డీ మీద నడిచే బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలనూ వదిలేస్తాయి. అప్పులు మరీ ఎక్కువున్న కంపెనీలను కూడా తీసేస్తాయి. వీటిని ఎవరైనా కొనొచ్చు, మతం అడ్డు కాదు. అయితే మన నిఫ్టీలో బ్యాంకులదే పెద్ద భాగం కాబట్టి, ఇవి మామూలు సూచీకి చాలా భిన్నంగా నడుస్తాయి. సాఫ్ట్‌వేర్, ఔషధాల తయారీ కంపెనీల వంతు పెరుగుతుంది. కొన్నేళ్ళు మార్కెట్టు పరిగెడుతుంటే ఇవి నిలబడిపోతాయి, కొన్నేళ్ళు తిరగబడుతుంది. మీ గీత మందు ఒక్కటే అయితే ఇంత వెడల్పు జల్లెడ అవసరం లేదు.

ఇందులో ఖర్చు ఉంది, దాచను. ఇండెక్స్ ఫండు ఏటా తీసుకునేది చాలా తక్కువ. మనుషులు ఏరి నడిపే ఎక్స్‌క్లూజన్ ఫండు, అదీ ఏజెంటు కమిషన్ కలిసిన రెగ్యులర్ ప్లాన్ అయితే, ఏటా ఒక శాతం దాకా ఎక్కువ తినొచ్చు. నెలకు 8,000 చొప్పున 60 ఏళ్ళదాకా, అంటే తొమ్మిదేళ్ళు కడితే, ఏటా 12 శాతం పెరుగుతుందనుకుంటే చేతికి 15.4 లక్షలు వస్తాయి. 11 శాతమే అయితే 14.7 లక్షల లోపే. ముప్పావు లక్షకు పైగా తేడా. ఏజెంటు లేకుండా నేరుగా కొనే డైరెక్టు ప్లాన్ తీసుకుంటే ఇందులో చాలా మిగులుతుంది, అది మీ పాప ఫోన్‌లోనే తెరిచిపెట్టగలదు. పెద్ద సంస్థలకూ ఈ ఖర్చు తప్పలేదు. అమెరికాలో కాలిఫోర్నియా ప్రభుత్వ ఉద్యోగుల పింఛను సంస్థ 2000లో పొగాకు షేర్లు వదిలేయాలని నిర్ణయించింది. ఆ తర్వాత ఆ షేర్లు బాగా పెరిగాయి, వదులుకున్న రాబడి 300 కోట్ల డాలర్లు దాటిందని లెక్కలు తేలాయి. మళ్ళీ కొందామా అని 2016లో చర్చ పెట్టి, వద్దని ఓటేసింది. మీకూ ఇదే ప్రశ్న: తొమ్మిదేళ్ళలో ముప్పావు లక్ష తగ్గినా మీ ఇల్లు గడుస్తుందా? మీరు రాసిన లెక్కలు చూస్తే గడుస్తుంది. గడవని ఇల్లయితే నేను వేరేలా చెప్పేదాన్ని. ముసలితనంలో మెడికల్ షాపు ముందు చేయి చాచే పరిస్థితి వస్తే మీరు గీసిన గీతే మిమ్మల్ని కోస్తుంది.

60 దగ్గర పడేకొద్దీ షేర్ల నుంచి నెమ్మదిగా బయటికి రావాలి కదా, అప్పుడు పని ఇంకా తేలిక. భారత ప్రభుత్వం 2023 జనవరిలో మొదటిసారి గ్రీన్ బాండ్లు, అంటే పర్యావరణానికి మేలు చేసే పనుల కోసం తీసుకునే అప్పు పత్రాలు అమ్మింది. ఆ డబ్బు ఏ పనులకు వాడకూడదో ప్రభుత్వం రాసిపెట్టిన జాబితాలో మద్యం, పొగాకు, ఆయుధాలు, జూదం పేర్లు సూటిగా ఉన్నాయి. రిజర్వు బ్యాంకు రిటైల్ డైరెక్ట్ ఖాతా తెరిచి మామూలు మనిషి కూడా వీటిని వేలంలో కొనొచ్చు, ఖాతాకు ఖర్చు లేదు. వడ్డీ మామూలు ప్రభుత్వ బాండ్లంతే ఉంటుంది, ఆరు నెలలకోసారి వస్తుంది. మధ్యలో అమ్ముకోవడం కష్టం కాబట్టి గడువుదాకా ఉంచుకోగల డబ్బే పెట్టాలి. 60 నిండాక పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో 30 లక్షల దాకా పెట్టుకుని మూడు నెలలకోసారి వడ్డీ తీసుకోవచ్చు. ఆ డబ్బు ప్రభుత్వాలకు అప్పుగా పోతుంది. 'ఆ ప్రభుత్వం కూడా మందు మీద పన్నుతోనే నడుస్తోంది కదా అక్కా' అని మీరు అడిగితే, అవును, నడుస్తోంది. ఆ డబ్బుతోనే బడి నడుస్తోంది, ఆసుపత్రి నడుస్తోంది. ఆ ముడి విప్పడం ఒక మనిషి పొదుపు ఖాతా పని కాదు. అది ఓటుతో, వీధిలో జరగాల్సిన పని, మీ అమ్మ చేసినట్టు.

మన దగ్గరి మనుషులకే డబ్బు ఉపయోగపడాలన్న కోరిక ఉంటే, దానికి కూడా ఒక చిన్న చోటు ఉంచుకోండి. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి చుట్టూ టింబక్టు కలెక్టివ్ అండతో మహిళల పొదుపు సహకార సంఘాలు ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి. మీ పుట్టింటి ఊళ్ళోనూ పొదుపు సంఘం ఉండే ఉంటుంది. అలాంటి చోట నలుగురితో కలిసి సభ్యత్వం తీసుకుని చిన్న మొత్తం వేసుకోవడం మంచిదే. కాని బ్యాంకులో 5 లక్షల దాకా ఉండే డిపాజిట్ బీమా అలాంటి సంఘాల పొదుపుకు వర్తించదు. కాబట్టి అది రిటైర్‌మెంటు డబ్బు కాకూడదు.

మీ ఆయనతో వాదన పెట్టుకోకండి. 'నాది తప్పు, నీది ఒప్పు' అన్న తగువు కాదిది. పన్ను లేకుండా ఎలా మారొచ్చో, ఏటా ఖర్చు ఎంత పెరుగుతుందో కాగితం మీద చూపించండి. షాపు నడిపే మనిషికి అంకెలు త్వరగా అర్థమవుతాయి.

ఇక మీ చివరి ప్రశ్న. అమ్మకు చెప్పండి. సిప్ ఆపిన రోజునే చెప్పండి, ముందు కాదు. అప్పుడు ఆమెకు బాధతో పాటు మీరు చేసిన పని కూడా వినపడుతుంది. నిఫ్టీ, ఫండు ఇవన్నీ అక్కర్లేదు. 'నాకు తెలియకుండానే ఒక మందు కంపెనీలో నాకు చిన్న వాటా ఉందమ్మా, తెలిసింది, వదిలేస్తున్నాను' అంటే చాలు. ఆమెకు ఒకటి రెండు ప్రశ్నలు ఉండొచ్చు, ఓపిగ్గా చెప్పండి. తర్వాత ఆమెను అడగండి: ఆ రోజు సారా అంగడి ముందు ఎంతమంది కూర్చున్నారు, ముందు లేచింది ఎవరు, ఇంటికొచ్చాక ఎవరెవరు దెబ్బలు తిన్నారు. పాపను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఫోన్‌లో ఆ జాబితా తీసి ముందు చూసింది ఆ పిల్లే కదా.